1977 జెర్సీ అని అమ్మారు, ఎడమ చేతి మీద మూడు అక్షరాలు కాదన్నాయి: వాల్టర్ పేటన్ 34 జెర్సీ రివ్యూ

వాల్టర్ పేటన్ అంటే చికాగో బేర్స్ జట్టుకి 34 నంబరు వేసుకుని ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. ముందే చెప్పేస్తాను. గుడ్డ బాగుంది, కుట్టు చాలా బాగుంది, సైజు కాస్త బిగుతు, డెలివరీ చెప్పిన రోజుకే వచ్చింది. కానీ సైట్‌లో, పెట్టె మీద, లోపలి ట్యాగు మీద మూడు చోట్లా 1977 అని రాసి పంపిన జెర్సీ 1977ది కాదు, అయ్యే అవకాశం కూడా లేదు. అందుకే ఐదు స్టార్లకు మూడే ఇస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు. నేను కొన్నాక వెతికి చూస్తే ఇదే తప్పు ఇంకో రెండు మూడు చోట్ల కనిపించింది, కాబట్టి ఒక్కరి మీద పడి ప్రయోజనం లేదు. కొనేవాళ్లకి ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ఎవరి కోసం కొన్నానో కూడా చెప్పాలి, లేకపోతే ఒక జెర్సీ కోసం ఇంత గొడవ ఏంటని అనిపిస్తుంది.

మా బావగారు 2000 సంవత్సరానికి కంప్యూటర్లని సరిచేసే వైటూకే పని మీద 1998 చివర్లో చికాగో వచ్చారు. కంపెనీ ఇచ్చిన గెస్ట్ హౌస్‌లో నలుగురు, ఒక టీవీ, బయట మోకాళ్ల దాకా మంచు. 1999 ఫిబ్రవరి 2న ఆ టీవీలో ఒక ప్రెస్ మీట్ వచ్చింది. బాగా చిక్కిపోయిన ఒక మనిషి, పక్కన టీనేజ్ కొడుకు. తనకి అరుదైన లివర్ జబ్బు వచ్చిందని, లివర్ మార్పిడి తప్ప దారి లేదని ఆయన చెప్తున్నాడు. భయంగా ఉందా అని విలేకరి అడిగితే, భయంగానే ఉంది, మీకైతే ఉండదా అన్నాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాడు. మా బావకి ఆ మనిషెవరో తెలియదు, ఆ ఆట పేరు తప్ప ఇంకేమీ తెలియదు. అంత బలంగా బతికిన మనిషి అంతమంది ముందు అంత మామూలుగా భయంగా ఉందని ఒప్పుకోవడం ఆయన మనసులో పడిపోయింది. మర్నాడు ఆఫీసులో అడిగితే అక్కడివాళ్లు గంటసేపు చెప్పారట, పని కూడా ఆపేసి. అలా మొదలైంది. అందరూ ఆట చూసి ఆటగాడి దగ్గరికి వెళ్తారు, మా బావ ఆటగాణ్ని చూసి ఆట నేర్చుకున్నారు. పాతికేళ్లు దాటింది. వాల్టర్ పేటన్ గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందీ, ఆయన చెప్పాక నేను చదివిందీ.

ఈ ఏడాది ఆయన పుట్టినరోజుకి పేటన్ జెర్సీ ఇవ్వాలనుకున్నాను. మామూలు ప్రింటు జెర్సీ కాదు, అంకెలు విడిగా కత్తిరించి కుట్టే రకం. ఏ సంవత్సరంది తీసుకోవాలా అని పెద్దగా ఆలోచించలేదు, ఎందుకంటే మా బావ ఎప్పుడు మాట్లాడినా 1977 దగ్గరికే వెళ్తారు. సైట్‌లో కరెక్టుగా అదే కనిపించింది: 1977, సొంత మైదానంలో వేసుకునే ముదురు నీలం రంగుది, 34. టాక్సు కాకుండా 160 డాలర్లు. కింద వివరణలో ఆ ఏడాది నవంబర్ 20న పేటన్ 275 గజాలు పరిగెత్తిన ఆటలో వేసుకున్న డిజైన్ అని కూడా రాశారు. ఆ ఒక్క లైను చూసే కొన్నాను.

పెట్టె తెరిచిన రోజు ఇలా జరిగింది. బావ జెర్సీ బయటికి తీసి, మొదట ముందువైపు 34 మీద అరచేత్తో ఒకసారి నిమిరారు. తర్వాత వెనక్కి తిప్పి పేరు చూశారు. తర్వాత జెర్సీ ఎడమ చెయ్యి పట్టుకుని దీపం కిందికి తీసుకెళ్లారు. అక్కడ నారింజ గీతల మధ్య చిన్న అక్షరాలు మూడు ఉన్నాయి: జి, ఎస్, హెచ్. కాసేపు ఏమీ అనలేదు. మా అక్క వంటగదిలోంచి "ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుంది, బాగుంది" అన్నారు, కానీ వేలు మాత్రం ఆ అక్షరాల మీదే ఉంది.

"బావగారూ, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదురా. బానే ఉంది. 77ది కాదంతే."

"ట్యాగు మీద ఉంది కదా?"

"ట్యాగు మీద ఏముంటే ఏంటి. ఈ మూడు అక్షరాలు జార్జ్ స్టాన్లీ హాలస్. ఆయన పోయాక ఆయన గుర్తుగా పెట్టారు. 77లో ఆయన బతికే ఉన్నాడు."

నాకు సిగ్గేసింది. అడక్కుండా కొన్నందుకు కాదు, ఆయన నన్ను నొప్పించకుండా చెప్పడానికి అంత కష్టపడ్డందుకు.

విషయం ఏంటంటే, హాలస్ అంటే చికాగో బేర్స్ జట్టుని పుట్టించిన మనిషి. 1920లో ఈ ఆట లీగు (ఎన్ఎఫ్ఎల్) మొదలైనప్పటి నుంచీ ఉన్నాడు, ఆటగాడిగా, కోచ్‌గా, యజమానిగా. కోచ్‌గానే 40 సీజన్లు. 1983 అక్టోబర్ 31న చనిపోయాడు. 1984 సీజన్ నుంచి ఆయన పేరులోని మూడు మొదటి అక్షరాలు బేర్స్ జెర్సీ ఎడమ చేతి మీదకి వచ్చాయి, ఇప్పటికీ ఉన్నాయి. 1977లో ఆయనకి 82 ఏళ్లు, జట్టుకి యజమాని. కాబట్టి 1977 అని రాసిన జెర్సీ మీద ఆ అక్షరాలు వేయడం అంటే బతికున్న మనిషి ఫొటోకి దండ వేసినట్టే. చిన్న తప్పు కదా అని కస్టమర్ కేర్ వాళ్లు నాతో అన్నారు. కాదు. పేరులో సంవత్సరం పెట్టి, ఆ సంవత్సరం చెప్పి ఎక్కువ ధర తీసుకున్నప్పుడు అసలు అమ్మిందే ఆ సంవత్సరాన్ని.

ఆ సంవత్సరం ఎందుకంత ముఖ్యమో చెప్తాను, ఈ ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగానే.

పేటన్ రన్నింగ్ బ్యాక్. అంటే ఎదురుగా పదకొండు మంది అడ్డం నిలబడితే బంతిని పొట్టకి అదుముకుని వాళ్ల మధ్యలోంచి దూరి పరిగెత్తేవాడు. జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకి వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు. ఆ పది గజాలని రెండు, మూడు, నాలుగు గజాల చొప్పున దెబ్బలు తింటూ సంపాదించడమే ఇతని పని. మిసిసిపీ రాష్ట్రంలో కొలంబియా అనే చిన్న ఊరు ఇతనిది. 1970లో ఆ ఊళ్లో నల్లవాళ్ల బడినీ తెల్లవాళ్ల బడినీ కలిపేశారు, పేటన్ హైస్కూల్ ఆట చివరి రోజులు ఆ కలిసిన బళ్లోనే గడిచాయి. తర్వాత జాక్సన్ స్టేట్, నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన విశ్వవిద్యాలయం. అక్కడ కోచ్ బాబ్ హిల్ నేర్పిన సూత్రం ఒకటుంది: తేలిగ్గా పడిపోకు, పడేసేవాడికి కూడా నొప్పి తెలియాలి. పాత వీడియోలు చూస్తే ఇది కనిపిస్తుంది. చాలామంది రన్నింగ్ బ్యాక్‌లు దెబ్బ తప్పించుకోవడానికి గీత దాటి బయటికి వెళ్లిపోతారు, అందులో తప్పేం లేదు, ఒళ్లు దాచుకోవడం కూడా తెలివే. పేటన్ గీత పక్కకి వచ్చినా మళ్లీ లోపలికి తిరిగి, ఎదురొచ్చేవాడి ఛాతీ మీద చెయ్యి చాచి నెట్టి ఇంకో గజం తీసుకునేవాడు.

1975లో బేర్స్ అతన్ని, జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మొత్తం మీద నాలుగోవాడిగా తీసుకున్నారు. మొదటి ఆటలో 8 సార్లు బంతి తీసుకుని పరిగెత్తిన దూరం సున్నా. సున్నా అంటే సున్నానే, ఒక్క గజం లేదు. ఆ ఆటలో జట్టు 35-7తో ఓడిపోయింది. మా బావ తన టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం ఏదైనా తేడా జరిగితే ఈ లెక్కే చెప్తారు. ఆ మొదటి సీజన్‌లోనే చీలమండ దెబ్బకి కోచ్ ఒక ఆటలో కూర్చోబెట్టాడు, తాను ఆడగలనని పేటన్ గొడవ పెట్టుకున్నాడట. 13 సీజన్లలో అతను ఆడకుండా ఉన్న ఆట అదొక్కటే. మొత్తం 190 ఆటలు ఆడాడు. అప్పట్లో సోల్జర్ ఫీల్డ్‌లో పచ్చిక కూడా లేదు. 1971 నుంచి 1987 దాకా అక్కడ కృత్రిమ టర్ఫ్ ఉండేది, పేటన్ కెరీర్ సరిగ్గా దాని మధ్యలోనే పడింది. అంటే సొంత మైదానంలో పడ్డ ప్రతిసారీ మట్టి మీద కాదు, కాంక్రీటు మీద తివాచీ పరిచినట్టుండే దాని మీద పడ్డాడు. పడి, లేచి, మళ్లీ వరసలో నిలబడ్డాడు.

ఇక 1977. అప్పటికి సీజన్‌కి 14 ఆటలే. బేర్స్‌కి బంతి విసిరి గెలిచే బలం పెద్దగా లేదు, ఎదుటి జట్టుకి కూడా బంతి ఎవరి చేతికి వస్తుందో ముందే తెలుసు. తెలిసి కూడా ఆపలేకపోయారు. ఆ ఏడాది 1,852 గజాలు, పరుగుతో 14 టచ్‌డౌన్లు (అంటే బంతితో ఎదుటివాళ్ల చివరి గీత దాటడం), లీగులో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు. జట్టు 1963 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ ఆటలకి, వెళ్లింది, అక్కడ డాలస్ చేతిలో 37-7తో చిత్తుగా ఓడింది, అది వేరే సంగతి. నవంబర్ 20న మిన్నెసోటాతో ఆట. పేటన్‌కి ఫ్లూ, ఒళ్లు కాలిపోతోంది. 40 సార్లు బంతి తీసుకుని 275 గజాలు పరిగెత్తాడు. అంతకు ముందు ఏడాదే ఓ.జె. సింప్సన్ పెట్టిన 273 గజాల రికార్డు పోయింది. ఈ 275 మళ్లీ 2000 దాకా, కోరీ డిల్లన్ 278 కొట్టేదాకా ఎవరికీ అందలేదు. ఇంత చేస్తే బేర్స్ గెలిచింది 10-7తో. మూడంటే మూడు పాయింట్ల తేడా. జ్వరంతో ఒక మనిషి 40 సార్లు గోడని గుద్దుకుంటే వచ్చిన గెలుపు అది. 77 జెర్సీ అంటే మా బావకి గుర్తొచ్చేది ఈ ఒంటరి మనిషి.

ఎడమ చేతి మీద ఆ మూడు అక్షరాలున్న జెర్సీ వేసుకున్న పేటన్ వేరే పేటన్. చెడ్డవాడని కాదు, వేరే కాలంవాడు. 1984 అక్టోబర్ 7న న్యూ ఆర్లియన్స్‌తో ఆటలో జిమ్ బ్రౌన్ 12,312 గజాల రికార్డు దాటినప్పుడు చేతి మీద ఆ అక్షరాలున్నాయి. ఆట ఆపి అందరూ చుట్టూ మూగితే, త్వరగా తప్పుకోండి, ఆట కానివ్వండి అని అతనే తొందరపెట్టాడు. 1985 సీజన్‌లో 15 గెలుపులు, ఒక్క ఓటమి, ఆ భయంకరమైన డిఫెన్స్, 1986 జనవరి 26న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన 20వ సూపర్ బౌల్‌లో, అంటే లీగు ఫైనల్లో, న్యూ ఇంగ్లండ్ మీద 46-10. అంతా ఈ అక్షరాల జెర్సీలే. పదకొండేళ్లు ఎదురుచూసిన ట్రోఫీ వచ్చింది. కానీ ఆ ఆటలో పేటన్‌కి టచ్‌డౌన్ లేదు. మొదట్లోనే బంతి జారవిడిచాడు, తర్వాత 22 సార్లు పరిగెత్తి 61 గజాలు తీశాడు, ఎదుటి జట్టంతా అతని మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది, దాంతో మిగతావాళ్లకి దారి దొరికింది. గీతకి గజం దూరంలో ఉన్నప్పుడు బంతి ఇచ్చింది మాత్రం విలియం పెర్రీకి, ఫ్రిజ్ అని ముద్దుపేరున్న ముందు వరసలో అడ్డం నిలబడే ఆ భారీ లైన్‌మన్‌కి. కోచ్ మైక్ డిట్కా తర్వాత చాలాసార్లు బాధపడ్డాడు ఆ ఒక్కదాని గురించి. బావ ఆ ఆట రికార్డింగ్ ఎన్నిసార్లు చూసినా ఆ పెర్రీ టచ్‌డౌన్ దగ్గర మాత్రం మాట్లాడరు.

అందుకే అంటున్నాను, 77కీ 85కీ మధ్య మూడు అక్షరాల తేడా కాదు ఉన్నది. ఒకటి చుట్టూ ఎవరూ లేకుండా ఒక్కడే జట్టుని మోసిన ఏడాది, ఇంకొకటి జట్టంతా గెలిచాక తనకి దక్కాల్సిన గజం దూరం కూడా దక్కని ఏడాది. రెండూ గొప్పవే. కానీ ఒకదాని పేరు పెట్టి ఇంకొకటి ఇవ్వకూడదు.

సరే, షాపు సంగతి. మర్నాడు చాట్‌లో రాశాను, చేతి ఫొటో పెట్టాను. మొదట వచ్చిన జవాబు: ఇది డిజైన్‌లో భాగం. రెండోసారి రాస్తే: మా దగ్గర బాగా అమ్ముడుపోయే మోడల్ ఇదే. మూడోసారి హాలస్ ఎప్పుడు చనిపోయాడో, అక్షరాలు ఎప్పుడు వచ్చాయో తేదీలతో సహా రాస్తే, తర్వాతి కొనుగోలుకి 15 శాతం తగ్గింపు కూపన్ పంపారు. నాకు కావాల్సింది కూపన్ కాదు, సైట్‌లో ఆ లైను మార్చమని రాశాను. తొమ్మిది రోజుల తర్వాత ఒకావిడ ఫోన్ చేసింది. మర్యాదగా మాట్లాడింది, నేను చెప్పింది చివరిదాకా వింది, మీరన్నది కరెక్టే అని ఒప్పుకుంది. వెనక్కి పంపితే మొత్తం డబ్బు ఇస్తాం, ఉంచుకుంటే 40 డాలర్లు వెనక్కి వేస్తాం అంది. ఆవిడకి మాత్రం పూర్తి మార్కులు. కానీ నేను ఈ రివ్యూ రాస్తున్న రోజుకి కూడా సైట్‌లో 1977 అనే ఉంది, 275 గజాల ఆట అనే ఉంది. అది మారిస్తే నేనూ వచ్చి నాలుగో స్టార్ పెడతాను.

వెనక్కి పంపేద్దాం అన్నాను. బావ వద్దన్నారు. "85ది అనుకుంటే ఇందులో తప్పేముంది? మంచి జెర్సీరా. పాపం, ఆ ట్రోఫీ కూడా ఆయనదే కదా" అన్నారు. 40 డాలర్లు వెనక్కి వచ్చాయి.

ఇప్పుడు వస్తువు గురించి, ఎందుకంటే ఆ ఒక్క తప్పు పక్కన పెడితే దీన్ని చేసినవాళ్లకి పని తెలుసు.

గుడ్డ మెష్, చిన్న చిన్న రంధ్రాలున్నది, కానీ పల్చటిది కాదు. చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. అంకెలు రెండు పొరలు: కింద నారింజ, పైన తెలుపు. ప్రతి పొర చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు దగ్గర దగ్గరగా వేశారు, మూలల దగ్గర దారం ఎక్కడా లేవలేదు. లోపలికి తిప్పి చూస్తే అంకెల వెనక ముడులు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. నేను కొన్న ఇంకో చవక జెర్సీలో ఇక్కడే దారాలు వేలాడి ఒంటికి గుచ్చుకునేవి, ఇందులో అది లేదు. వెనక పేరు ఒక విడి పట్టీ మీద కుట్టి, ఆ పట్టీని జెర్సీకి కుట్టారు. అక్షరాల మధ్య దూరం సమానంగా ఉంది. చేతుల మీద గీతలు అతికించినవి కావు, గుడ్డతోపాటు అల్లినవి, కాబట్టి పగుళ్లు రావు. మెడ దగ్గర పట్టీ కొంచెం బిగుతుగా ఉంది, మొదటి రెండుసార్లు వేసుకున్నప్పుడు ఒరుసుకుంది, తర్వాత సర్దుకుంది.

సైజు విషయంలో జాగ్రత్త. ఇవి ఎస్, ఎమ్, ఎల్ కాదు, 40, 44, 48 అని అంకెల్లో వస్తాయి. మామూలుగా ఎల్ వేసుకునేవాళ్లకి 44 సరిపోతుందని సైట్‌లో ఉంది. బావకి ఎల్ సరిగ్గా సరిపోతుంది, ఈ 44 మాత్రం భుజాల దగ్గర బాగున్నా పొట్ట దగ్గర పట్టేసింది. చలికాలంలో లోపల స్వెటర్ వేసుకోవాలనుకుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. పొడుగు మాత్రం ఎక్కువే, పొట్టివాళ్లకి తొడల దాకా వస్తుంది.

ఉతకడం: లోపలి వైపు బయటికి తిప్పి, చల్లనీళ్లలో, విడిగా. డ్రయ్యర్‌లో వేయకండి, అంకెలు ముడుచుకుపోతాయి. నాలుగుసార్లు ఉతికాం, రంగు దిగలేదు. నారింజ గీతల రంగు తెలుపు మీదకి పాకుతుందేమో అని మా అక్క టెన్షన్ పడింది కానీ అలాంటిదేం జరగలేదు.

ప్యాకింగ్ గురించి ఒక మాట. పెట్టెలో పేటన్ జీవితం గురించి ఒక చిన్న అట్ట ముక్క పెట్టారు. 16,726 గజాలు, పరుగుతో 110 టచ్‌డౌన్లు, 1993లో హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా), ఇలా నాలుగు లైన్లు. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. 16,726 గజాలంటే 15 కిలోమీటర్లకి పైనే, అది 3,838 పరుగుల్లో వచ్చింది, సగటున ఒక్కో పరుగుకి నాలుగున్నర గజాలు కూడా లేదు. ఆ సగటు కూడా రాసుంటే బాగుండేది, ఎందుకంటే మొత్తం చూస్తే రికార్డు కనిపిస్తుంది, సగటు చూస్తే దెబ్బలు కనిపిస్తాయి. 2002లో ఎమిట్ స్మిత్ ఆ మొత్తాన్ని దాటాడు. టచ్‌డౌన్ చేశాక బంతిని నేలకేసి కొట్టకుండా, దారి చేసిన లైన్‌మన్ చేతిలో పెట్టే అలవాటు గురించి కూడా ఒక ముక్క రాసుండాల్సింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న రోజు తండ్రిని వేదిక మీద పరిచయం చేసింది పన్నెండేళ్ల కొడుకు జారెట్, అంతకు ముందు ఏ కొడుకూ ఆ పని చేయలేదు. ఆరేళ్ల తర్వాత ఆ ప్రెస్ మీట్‌లో పక్కన నిలబడింది కూడా ఆ కొడుకే.

అట్ట ముక్కలో 1999 గురించి ఒక్క లైను లేదు. అది నాకు నచ్చలేదు. పైత్యరస నాళాలు మెల్లగా మూసుకుపోయే జబ్బు అది. లివర్ కోసం అందరిలాగే వరసలో పేరు రాయించుకున్నాడు. ఆ తర్వాత నాళాలకి క్యాన్సర్ అని తేలింది, ఇక మార్పిడి కుదరదన్నారు. తనకి పనికిరాదని తెలిశాక కూడా అవయవదానం గురించి మాట్లాడటం ఆపలేదు. అదే ఏడాది నవంబర్ 1న పోయాడు. అతనితో కలిసి ఆడిన ఫుల్‌బ్యాక్ మ్యాట్ సూహీ, పేటన్ ముందు పరిగెత్తి దారి చేయడమే పనిగా ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి, చివరి నెలల్లో కూడా పక్కనే ఉన్నాడు. ఆ వారమే, నవంబర్ 7న, బేర్స్ గ్రీన్ బే వెళ్లి 14-13తో గెలిచారు, అంతకు ముందు ఆ జట్టు మీద వరసగా పది ఆటలు ఓడిపోయి ఉన్నారు. చివరి క్షణంలో ఎదుటివాళ్ల కిక్‌ని బ్రయన్ రాబిన్సన్ గాల్లోకి ఎగిరి ఆపాడు, నన్ను పైకి లేపింది పేటనే అని చెప్పాడు. మా బావ పూర్తిగా అర్థం చేసుకుంటూ చూసిన మొదటి ఆట అదేనట. గెస్ట్ హౌస్‌లో ఒక్కరే నిలబడి చప్పట్లు కొట్టారట.

ఆయన డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కౌంటర్‌లో అవయవదాత అవుతారా అని అడిగితే ఆలోచించకుండా అవుననే చెప్పారు. మా అక్కా చెప్పింది. నేనూ చెప్పాను. లీగు ప్రతి ఏడాదీ సమాజసేవ చేసిన ఆటగాడికి ఇచ్చే అవార్డుకి 1999లోనే పేటన్ పేరు పెట్టారు, 1977లో ఆ అవార్డు పేటన్‌కే వచ్చింది. చూశారా, ఎటు తిప్పినా 77 దగ్గరికే వస్తాం.

ఇప్పుడు జెర్సీ మా బావ అల్మారాలో ఉంది, ఆదివారాలు వేసుకుంటున్నారు. లోపల మెడ దగ్గర ఉన్న 1977 ట్యాగుని మా అక్క చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ విప్పి తీసేసింది, గుడ్డకి ఏమీ కాలేదు. ఎడమ చేతి అక్షరాలు అలాగే ఉన్నాయి.

కొనేవాళ్లకి: 1984 నుంచి 1987 మధ్య జెర్సీ కావాలంటే ఇది నిక్షేపంగా తీసుకోండి, డబ్బుకి తగ్గ పని ఉంది. 77ది కావాలంటే మాత్రం ఏ షాపైనా సరే, డబ్బు కట్టే ముందు ఎడమ చేతి ఫొటో దగ్గర నుంచి తీసి పంపమని అడగండి. చేతి మీద గీతల మధ్య ఆ మూడు అక్షరాలు ఉండకూడదు. అలాంటిది నాకు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాను, దొరికితే దాని రివ్యూ కూడా రాస్తాను.